చేర్యాల పటం, పిక్సెల్, ప్రాంప్ట్: కళలోకి డిజిటల్ సాంకేతికత వచ్చిన దారులు

పండుగ దగ్గరపడగానే హన్మకొండ, వరంగల్ చౌరస్తాల్లో లేచే ఫ్లెక్సీల మీద కొంతకాలంగా కొత్త రకం బొమ్మలు కనిపిస్తున్నాయి. బతుకమ్మ చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్ల ముఖాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు నున్నగా ఉంటాయి. తాంబాళంలో తంగేడు, గునుగు వరుసలకు బదులు మన చెలకల్లో ఎక్కడా పూయని పూలు పేర్చి ఉంటాయి. ఆ బొమ్మలను ఎవరూ గీయలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. కంప్యూటర్‌కు ఒకటి రెండు వాక్యాలు రాసి ఇస్తే తయారై వచ్చాయి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ అనే చిత్రకారులు గుడ్డ మీద వేసే కథాపటాలను పోలిన బొమ్మలు కూడా ఇదే పద్ధతిలో పుట్టి ఫోన్ల మధ్య తిరుగుతున్నాయి. ఇవి కళేనా, చిత్రకారుల అవసరం ఇక తీరినట్టేనా, ఒక ఊరి శైలిని వాడుకోవడానికి ఆ ఊరివాళ్లను అడగనక్కర లేదా అనే మూడు ప్రశ్నలు కలగాపులగమై ఒకే వాదనగా వినిపిస్తున్నాయి.

డిజిటల్ సాంకేతికత కళలోకి ఒకే దారిలో రాలేదు. కొన్నిచోట్ల అది కుంచెలాంటి పనిముట్టు. కొన్నిచోట్ల అదే మాధ్యమం, అంటే కంప్యూటర్ లేకపోతే ఆ కళే లేదు. మరికొన్నిచోట్ల అది ఎవరి సొత్తు ఏదో చెప్పే దస్తావేజు. ఇప్పుడు కొత్తగా తానే బొమ్మ కట్టి ఇచ్చే యంత్రం. ఒకదాని విషయంలో నిజమైన మాట ఇంకోదానికి వర్తించదు. ఏ దారిలోనైనా బొమ్మకు సంబంధించిన నిర్ణయాలను ఎవరు తీసుకున్నారు, దాని వెనుక ఎవరి విద్య ఉంది, డబ్బు ఎవరికి చేరింది అని విడివిడిగా అడిగితే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. ఈ వ్యాసంలో వీలైనంతవరకు ఒక చేర్యాల పటాన్నే ఆ దారులన్నింటి గుండా నడిపించి చూద్దాం.

ముందుగా రెండు మాటలకు అర్థం

సమకాలీన కళ అనే మాటను సాధారణంగా 1960ల తర్వాత వచ్చిన కళకు వాడతారు. ఇందులో కాన్వాస్, శిల్పంతో పాటు వీడియో, ఒక గదినంతా కళాకృతిగా మలిచే ఇన్‌స్టలేషన్, మనిషి శరీరంతో చేసే ప్రదర్శన కూడా ఉంటాయి. చేతి నైపుణ్యంతో సమానంగా ఆలోచనకు, ప్రక్రియకు విలువ ఇవ్వడం దీని లక్షణం. మన ప్రాంతంలో పూర్వపు కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పి.టి. రెడ్డి, తోట వైకుంఠం, సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య వంటివారిని ఆధునిక చిత్రకారులుగా లెక్కిస్తూ, నకాశీ చిత్రకారులను మాత్రం హస్తకళాకారుల పద్దులో రాయడం చాలాకాలంగా జరుగుతోంది. ఈ విభజన నాకు సమంజసంగా తోచదు. ఈ ఏడాది చేర్యాలలో వేసిన పటం కూడా ఈ కాలపు కళే. పైగా, వాళ్లను ఏ పద్దులో రాశామన్నదాన్ని బట్టే చట్టం వాళ్లకు ఏమి ఇస్తుందో చాలావరకు తేలిపోతుంది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

డిజిటల్ అంటే సమాచారాన్ని అంకెలుగా మార్చి దాచడం. ఈ ఆలోచన కంప్యూటర్ కంటే పాతది, దాని పుట్టిల్లు మగ్గం. 1804లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ తయారుచేసిన మగ్గంలో, అట్టకు రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఉంది, లేదు అనే రెండే గుర్తులతో చీర అంచు మీద ఎంతటి డిజైనైనా తేవచ్చు. 1830లలో చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి ఆదేశాలు ఇవ్వడానికి ఈ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. జకార్డు అట్టలు కుట్టిన చేనేత కార్మికులకు కంప్యూటర్ పునాది సూత్రం కొత్తది కాదు.

పనిముట్టుగా: నలభై అడుగుల పటం ఫైలుగా మారితే

చేర్యాల పటానికి ఖాదీ గుడ్డ ఆధారం. గంజి, సుద్దమట్టి, జిగురు, ఉడికించి రుబ్బిన చింతగింజల ముద్ద కలిపి ఆ గుడ్డకు పూతలు పూస్తారు. అది ఆరి గట్టిపడ్డాక బొమ్మ మొదలవుతుంది. ఎర్రని నేల, పాత్రను బట్టి మారే ఒంటి రంగు, ఘట్టానికీ ఘట్టానికీ నడుమ పూల అంచు ఈ శైలి గుర్తులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే కథకులు ఈ పటాలను వేయించుకునేవారు. పటం చుట్ట విప్పుతూ ఒక్కో ఘట్టాన్ని చూపి కథ నడిపేవారు. అందుకే పాత పటాలు 3 అడుగుల వెడల్పుతో 40 అడుగులకు మించి పొడవు ఉండేవి.

అలాంటి పటాన్ని ముద్రణకు తగిన నాణ్యతతో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేశామనుకుందాం. వెడల్పు 36 అంగుళాలు కాబట్టి 10,800 చుక్కలు. పొడవు 480 అంగుళాలు కాబట్టి 1,44,000 చుక్కలు. రెండింటినీ గుణిస్తే దాదాపు 155 కోట్ల చుక్కలు. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. ఒక్కో పిక్సెల్ రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగా మూడు అంకెల్లో, అంకెకు ఒక బైటు చొప్పున రాస్తే మొత్తం ఫైలు 4.6 గిగాబైట్లు దాటుతుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకుంటే కృత్రిమ మేధ గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

ఈ ఫైలులో గీత ఉంటుంది, రంగు దాదాపుగా ఉంటుంది. చింతగింజల పూత గరుకుతనం, చుట్టిన చోట పడిన మడతల ఎత్తుపల్లాలు, ఇంగిలీకపు ఎరుపు వెలుతురు మారినప్పుడల్లా మారే తీరు మాత్రం ఉండవు. అయినా ప్రయోజనం తక్కువది కాదు. పురుగు పట్టిన పటాన్ని విప్పకుండానే పరిశీలించవచ్చు, ఎక్కడో విదేశీ మ్యూజియంలో ఉన్న పటాన్ని చేర్యాలలో కూర్చుని చూడవచ్చు. ఇక్కడ బొమ్మకు సంబంధించిన ఏ నిర్ణయాన్నీ కంప్యూటర్ తీసుకోలేదు. బ్రిటన్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2010 నుంచి ఐప్యాడ్ మీద వేలితో, స్టైలస్‌తో వేసిన చిత్రాలు కూడా ఈ కోవకే చెందుతాయి. ఉపరితలం మారింది, వేసిన చెయ్యి మారలేదు.

పనిముట్టు మారినప్పుడు కళ పోదని తేలిగ్గా అనేస్తుంటాం. కళ సంగతి ఎలా ఉన్నా, బతుకు మాత్రం పోతుంది. ఫ్లెక్సీ యంత్రం వచ్చాక గోడల మీద, రేకుల మీద అక్షరాలు రాసే పెయింటర్లు ఎంతమంది వేరే పనులకు మళ్లారో మన పట్టణాల్లో తెలియనివారు లేరు. చదరపు అడుగు లెక్కన గంటలో వచ్చే ముద్రణతో చేతి అక్షరం పోటీ పడలేదు. ఇంకో అనుభవమూ ఉంది: 1894లో రాజా రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయం పెట్టినప్పుడు దేవతల బొమ్మలు మొదటిసారి సామాన్యుల ఇండ్లలోకి వచ్చాయి, చిత్రకారుడి పేరు దేశమంతా వెళ్లింది. ఒకే రకమైన సాంకేతికత ఒకచోట పని తీసేసింది, ఇంకోచోట ప్రేక్షకులను పెంచింది. తేడా యంత్రం ఎవరి చేతిలో ఉందన్నదే.

నియమం రాయడమే బొమ్మ వేయడమైనప్పుడు

రెండో దారిలో కంప్యూటర్ పనిముట్టు స్థాయిని దాటి మాధ్యమమే అవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి వాకిట్లో వేసే చుక్కల ముగ్గు చాలు. ‘7 చుక్కలు, సందు చుక్క 4 వరకు’ అని ఒకరు చెబితే, వినేవాళ్లు 4, 5, 6, 7, 6, 5, 4 వరుసల్లో మొత్తం 37 చుక్కలు పెట్టేస్తారు. బొమ్మను చూపకుండా నియమాన్ని అందించారు. ఆ నియమం ఎవరి చేతిలో పడితే వారి వాకిట్లో ముగ్గు పుడుతుంది. ఈ పోలిక నా ఊహ మాత్రమే కాదు. 1974లో మద్రాసులోని పరిశోధకులు తమిళ కోలాలను గణిత వ్యాకరణ సూత్రాలుగా రాయవచ్చని చూపించారు.

1960లలో ఐరోపాలో కొందరు ఇదే పనిని కంప్యూటర్‌తో చేశారు. జర్మనీకి చెందిన గియార్గ్ నేస్ 1968 ప్రాంతంలో చేసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో వరుసకు 12 చొప్పున 22 వరుసల చదరాలు ఉంటాయి. పై వరుసలో చదరాలు క్రమంగా ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ఒక్కోటి ఎంత జరగాలో, ఎంత ఒరగాలో కంప్యూటర్ యాదృచ్ఛికంగా తేలుస్తుంది, ఆ కదలిక పరిమితి వరుస వరుసకూ పెరుగుతుంది. అడుగుకు వచ్చేసరికి చదరాలు రాళ్లకుప్పలా చెదిరిపోతాయి. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వెరా మోల్నార్ కంప్యూటర్ దొరకకముందే కాగితం మీద ఇలాంటి నియమాలు పెట్టుకుని గీసింది, 1968లో కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది, 2023లో 99వ ఏట మరణించేదాకా ఆ పని మానలేదు.

ఇక్కడ ప్రతి గీతనూ కళాకారిణి గీయలేదు. ఎంత క్రమం ఉండాలి, ఎంత చెదరాలి, వచ్చిన వందల ఫలితాల్లో ఏది ఉంచాలి అన్నవి మాత్రం ఆమె నిర్ణయాలే. యంత్రం చేసింది కాబట్టి ఇది కళ కాదు అనే వాదన ఇక్కడ బలహీనపడుతుంది. నియమాన్ని పూర్తిగా మనిషే రాసింది. యంత్రానికి వదిలిన యాదృచ్ఛికతకు హద్దు గీసిందీ మనిషే.

మాధ్యమంగా మారిన డిజిటల్‌కు తనదైన ఒక జబ్బు ఉంది: అది త్వరగా చదవలేనిదైపోతుంది. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమీగా అనే కంప్యూటర్ మీద వేసిన బొమ్మలు ఫ్లాపీ డిస్కుల్లోనే ఉండిపోయాయి. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ క్లబ్ సభ్యులు ఆ పాత ఫైళ్ల రూపాన్ని తిరిగి విప్పుకుని వాటిని బయటికి తీయాల్సి వచ్చింది. ఒకప్పుడు వెబ్‌లో వేల యానిమేషన్ కృతులకు ఆధారమైన ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది. కాన్వాస్ వందేళ్లు గోడకు వేలాడినా చూడగలం. సాఫ్ట్‌వేర్ కళను మాత్రం కొన్నేళ్లకోసారి కొత్త యంత్రానికి మార్చాలి, లేదా పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్ రాయాలి. అలా మార్చినది అసలు కృతేనా అన్నది మ్యూజియంలలో తెగని చర్చ.

మన కథకుల ఆచారం ఈ చర్చకు ఒక వెలుగు ఇస్తుంది. పటం పాతబడి చిరిగిపోతే దాన్ని శాస్త్రోక్తంగా నీటిలో కలిపి, నకాశీలతో కొత్తది వేయించుకునేవారు. వాళ్ల దృష్టిలో నిలవాల్సింది ఆ గుడ్డ కాదు. కథా, దాన్ని వేయగల చెయ్యీ నిలవాలి. సాఫ్ట్‌వేర్ కళను కాపాడేవారు ఇప్పుడు చేరుకుంటున్న ఆలోచన దాదాపు ఇదే.

రామప్ప మదనికను కొలిచిన ఫైలు ఎవరిది?

పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అలాంటి చోట ఒక మదనిక శిల్పం చుట్టూ తిరుగుతూ, ఒకదానికొకటి కొంతమేర కలిసేలా వందల ఫొటోలు తీస్తే, వాటన్నింటిలో ఉమ్మడిగా కనిపించే బిందువులను పట్టుకుని సాఫ్ట్‌వేర్ శిల్పం త్రిమితీయ రూపాన్ని లెక్కగడుతుంది. దీన్ని ఫొటోగ్రామెట్రీ అంటారు. ఆ ఫైలు ఉంటే శిల్పాన్ని తెర మీద తిప్పి చూడవచ్చు, త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీయవచ్చు.

ఈ సాంకేతికతనే ముడిసరుకుగా చేసుకున్న సమకాలీన కళాకారులు ఉన్నారు. ఇరాన్‌లో పుట్టిన మోరెషిన్ అల్లాహ్యారి, ఇరాక్‌లోని మోసుల్ మ్యూజియంలో ఐసిస్ ధ్వంసం చేసిన ప్రాచీన శిల్పాల్లో కొన్నింటిని 2015, 2016లలో పారదర్శకమైన త్రీడీ ముద్రణలుగా మళ్లీ రూపొందించింది. ఒక్కో శిల్పం కడుపులో, దాని గురించి తాను సేకరించిన సమాచారంతో నిండిన మెమరీ కార్డునో పెన్ డ్రైవునో పొదిగింది. పేద, యుద్ధపీడిత దేశాల వారసత్వాన్ని ధనిక దేశాల సంస్థలు స్కాన్ చేసి, ఆ ఫైళ్లను తమ దగ్గర తాళం వేసి ఉంచుకోవడాన్ని ఆమె డిజిటల్ వలసవాదం అంటుంది. బెర్లిన్‌లోని ఈజిప్టు రాణి నెఫెర్టిటి ప్రతిమ స్కాన్‌ను ఇద్దరు కళాకారులు 2015 చివర అందరికీ ఉచితంగా విడుదల చేయడం వెనుక ఉన్న వాదనా ఇదే.

శిల్పానికి కాపీరైట్ ఎలాగూ లేదు, అది 800 ఏళ్ల నాటిది. మరి స్కాన్‌కు ఉంటుందా? యథాతథ నకలుకు కొత్త కాపీరైట్ పుట్టదని ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశంలో స్పష్టం చేసింది. మన దేశంలో ఇంత నేరుగా చెప్పే నిబంధన లేదు, కానీ కృతిలో కొంతైనా సృజన ఉండాలని సుప్రీంకోర్టు 2007లో ఒక న్యాయ ప్రచురణల కేసులో చెప్పింది కాబట్టి, యాంత్రికమైన కొలతకు కాపీరైట్ అడగడం కష్టమే. అయితే చట్టం ఏమన్నా, ఫైలు ఎవరి సర్వర్‌లో ఉందో వారి మాటే ఆచరణలో చెల్లుతుంది.

దస్తావేజుగా: ఎన్ఎఫ్‌టీ కొన్నవారికి దక్కేది

దీని మీద ఎక్కువ ఆగనక్కర లేదు, ఎందుకంటే హడావుడి చాలావరకు తగ్గింది. డిజిటల్ బొమ్మకు ఎన్ని నకళ్లయినా తీయవచ్చు, అన్నీ అసలుతో సమానమే. అలాంటప్పుడు అమ్మేది దేన్ని? బ్లాక్‌చెయిన్ అనే, ఎవరూ ఒంటరిగా దిద్దలేని ఉమ్మడి ఖాతా పుస్తకంలో ‘ఈ ఫైలుకు సంబంధించిన టోకెన్ ఫలానావారిది’ అని రాసి, ఆ నమోదును అమ్మారు. అదే ఎన్ఎఫ్‌టీ. 2021 మార్చిలో బీపుల్ అనే కళాకారుడి డిజిటల్ చిత్రమాలిక క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. కొన్నవారికి దక్కింది ఆ నమోదే; కాపీరైట్ మాత్రం విడిగా రాసివ్వకపోతే కళాకారుడి దగ్గరే ఉంటుంది. మరుసటి ఏడాదికే మార్కెట్ కూలింది. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను కూడా వచ్చింది.

ఎన్ఎఫ్‌టీలు ఇచ్చిన ఒక వాగ్దానం మాత్రం గమనించదగ్గది. బొమ్మ చేతులు మారిన ప్రతిసారీ కళాకారుడికి కొంత వాటా దానంతట అదే వెళుతుందన్నారు. తర్వాత అమ్మకపు వేదికలు దాన్ని కొనేవారి ఇష్టానికి వదిలేశాయి. విశేషమేమిటంటే, మన కాపీరైట్ చట్టంలో 53ఏ సెక్షన్ ఎప్పటినుంచో ఉంది: పదివేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడయ్యే చిత్రం మీద చిత్రకారుడికి, వారసులకు 10 శాతం మించని వాటా పొందే హక్కు ఉంది. కొత్త సాంకేతికత ఇస్తానన్నది పాత చట్టం కాగితం మీద ఇచ్చే ఉంచింది, వసూలు చేసిపెట్టే వ్యవస్థే లేదు.

తయారీదారుగా: కృత్రిమ మేధ బొమ్మ ఎలా కడుతుంది

అసలు వివాదం ఇక్కడిది. 2022లో ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటివి మాటలు రాస్తే బొమ్మ ఇస్తాయి. రాసే ఆ మాటలనే ప్రాంప్ట్ అంటారు. ఇవి పనిచేసే తీరు స్థూలంగా ఇలా ఉంటుంది. ముందు కోట్ల బొమ్మలను, వాటి పక్కనున్న వివరణ వాక్యాలతో సహా సేకరిస్తారు. ఒక్కో బొమ్మ మీద కొద్దికొద్దిగా యాదృచ్ఛికమైన చుక్కలు చల్లుతూ చివరికి అర్థంలేని మసకగా మారుస్తారు. ఆ మసకలోంచి వెనక్కి, అడుగడుగునా బొమ్మవైపు ఎలా రావాలో మోడల్ అనే ప్రోగ్రామ్‌కు నేర్పుతారు. నేర్చుకున్నాక కేవలం మసకను, ఒక వాక్యాన్ని ఇస్తే, ఆ వాక్యానికి తగిన బొమ్మ దాగి ఉందన్నట్టుగా చుక్కలను తొలగిస్తూ పోతుంది. అక్కడ నిజానికి ఏ బొమ్మా దాగి లేదు.

బతుకమ్మ బొమ్మ ఎందుకు తప్పుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మోడల్‌కు తెలిసింది బొమ్మకూ, పక్కనున్న మాటకూ ఉన్న లంకె మాత్రమే. ఇంటర్నెట్‌లో పూలు, పండుగ, భారతీయ స్త్రీ అనే మాటల పక్కన లెక్కలేనన్ని బొమ్మలు ఉన్నాయి, అవి ఎక్కువగా ఇంగ్లిష్ వివరణలతో ఉన్నాయి. తంగేడు, గునుగు అనే మాటల పక్కన ఉన్నవి బహు కొద్ది. కాబట్టి మోడల్ తనకు బాగా తెలిసిన సగటువైపు జారుతుంది. గోపురంలా పేర్చిన వరుసలు నేల మీద పూల ముగ్గు అవుతాయి, పైన ఉండాల్సిన పసుపు గౌరమ్మ మాయమవుతుంది, బతుకమ్మ నడుమ దీపావళి దీపం వెలుగుతుంది. మోడళ్లు మెరుగవుతున్నకొద్దీ ఈ తప్పులు తగ్గవచ్చు, కానీ తగ్గాలంటే మన బొమ్మలు మరిన్ని వాటి శిక్షణలోకి వెళ్లాలి. ఈ మెలికే తర్వాతి వివాదానికి మూలం.

వచ్చిన బొమ్మకు కర్త ఎవరు?

1884లో ఇదే ప్రశ్న ఫొటో గురించి వచ్చింది. కెమెరా యంత్రం కదా, ఫొటోకు కర్త ఎలా ఉంటాడని అమెరికా సుప్రీంకోర్టులో వాదించారు. మనిషిని కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, వెలుగునీడలు ఫొటోగ్రాఫర్ ఎంపికలే కాబట్టి అతనే కర్త అని కోర్టు తేల్చింది. కృత్రిమ మేధను సమర్థించేవారు ఈ తీర్పునే చూపుతారు. ఎదుటివారి జవాబు ఇది: కెమెరా ముందు ఉన్నదాన్ని ఫొటోగ్రాఫర్ ఎంచుకున్నాడు, ప్రాంప్ట్ రాసినవాడు కోరిక చెప్పాడు, రూపం యంత్రం ఎంచుకుంది.

అమెరికా కాపీరైట్ కార్యాలయం ప్రస్తుతానికి రెండో పక్షానే ఉంది. 2022లో కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతి పొందిన మిడ్‌జర్నీ చిత్రానికి దాని రూపకర్త కనీసం 624 ప్రాంప్టులు రాశానన్నా, 2023లో నమోదు నిరాకరించింది. ప్రాంప్ట్ ఒక్కటే కర్తృత్వానికి చాలదని 2025 జనవరి నివేదికలో కూడా చెప్పింది. బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు 2023 నవంబరులో ఇందుకు భిన్నంగా, ప్రాంప్టులను, కొలమానాలను ఓపికగా సవరించిన వ్యక్తికి కాపీరైట్ ఉందని చెప్పింది. మన 1957 నాటి చట్టంలో కంప్యూటర్ సృష్టించిన కృతికి, అది సృష్టి కావడానికి కారకుడైన వ్యక్తే కర్త అనే నిబంధన 1994 సవరణతో చేరింది. అప్పటికి ఇలాంటి మోడళ్లు ఎవరి ఊహలోనూ లేవు. 2020లో ఒక చిత్రానికి మనిషితో పాటు ఒక కృత్రిమ మేధ ప్రోగ్రామ్‌ను సహకర్తగా నమోదు చేసిన మన కాపీరైట్ కార్యాలయం, మరుసటి ఏడాది దాన్ని ఉపసంహరించుకుంటామని నోటీసు ఇచ్చింది. కారకుడు అంటే ప్రాంప్ట్ రాసినవాడా, మోడల్ చేసిన సంస్థా అన్నది ఇంకా తేలాల్సిందే.

శిక్షణ: నేర్చుకోవడమా, తీసుకోవడమా?

స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపానికి శిక్షణనిచ్చిన సమాహారంలో 200 కోట్లకు పైగా బొమ్మలు ఉన్నాయి. ఎవరి అనుమతీ అడగలేదు. అయినా తయారైన మోడల్ ఫైలు దాదాపు 4 గిగాబైట్లే. మనం పైన లెక్కగట్టిన ఒక్క చేర్యాల పటం స్కాన్ దీనికంటే పెద్దది. అంటే బొమ్మకు రెండు బైట్లు కూడా రావు కాబట్టి మోడల్‌లో బొమ్మల నకళ్లు లేవని, బొమ్మలన్నిటిలోని పోలికలు మాత్రమే ఉన్నాయని కంపెనీలు అంటాయి. 2025 నవంబరులో లండన్ హైకోర్టు కూడా ఈ మోడల్‌ను ఉల్లంఘించిన నకలుగా చూడలేమంది. ఇందులో నిజం ఉంది. అయితే శిక్షణలో పదేపదే ఎదురైన కొన్ని బొమ్మలను మోడల్ నుంచి దాదాపు యథాతథంగా రాబట్టవచ్చని 2023లోనే పరిశోధకులు చూపించారు, అదీ నిజమే.

ప్రతి చిత్రకారుడూ ఇతరుల బొమ్మలు చూసే నేర్చుకుంటాడు కదా అనేది ఇంకో వాదన. ఇది వినడానికి బాగున్నా, నాకు సగమే ఒప్పుదల. నకాశీ ఇంట్లో పిల్లలు పెద్దల పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకుంటారు. నేర్చుకున్నది ఆ ఇంటి విద్యను కొనసాగిస్తుంది, నేర్పినవారికి అండ అవుతుంది. మోడల్ నేర్చుకున్నది నేర్పినవారి మార్కెట్‌లోకే, వారికంటే చవకగా, అపరిమితంగా తిరిగివస్తుంది. చూసి నేర్చుకోవడం రెండుచోట్లా ఒకటే కావచ్చు, పర్యవసానం ఒకటి కాదు.

ఇప్పుడు చట్టాన్ని ఒక ఉదాహరణకు అన్వయిద్దాం. చేర్యాలలో ఒక చిత్రకారిణి 2024లో మార్కండేయ పురాణంలోని ఒక ఘట్టాన్ని వేశారనుకుందాం. ఎక్కడా నమోదు చేయకపోయినా ఆ బొమ్మ మీద ఆమెకు కాపీరైట్ ఉంటుంది, ఆమె జీవితకాలంతో పాటు మరో 60 ఏళ్లు. దాన్ని స్కాన్ చేసి టీషర్టుల మీద ముద్రిస్తే అది ఉల్లంఘన. కథ మీద ఎవరికీ హక్కు లేదు. ఎర్రని నేల, కళ్ల తీరు, పూల అంచు అనే శైలి మీదా కాపీరైట్ లేదు. ఢిల్లీలో కూర్చుని ఎవరైనా ఆ తీరులో సొంత బొమ్మ వేసుకోవచ్చు. కానీ దానికి చేర్యాల పేరు పెట్టి అమ్మితే వేరే చట్టం అడ్డొస్తుంది. కరీంనగర్ వెండి నగిషీ, పెంబర్తి లోహకళ, వరంగల్ జంపఖానాల మాదిరిగా చేర్యాల చిత్రాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ఫలానా ప్రాంతంలో ఫలానా పద్ధతిలో తయారైన వస్తువు పేరును కాపాడుతుంది. ఇక ఎవరో ప్రాంప్ట్‌లో చేర్యాల శైలి అని రాసి బొమ్మ తెప్పించుకుని, పేరు చెప్పకుండా హోటల్ గోడకు ముద్రించారనుకోండి. ఏ ఒక్క బొమ్మకూ నకలు కాదు కాబట్టి కాపీరైట్ పట్టదు, పేరు వాడలేదు కాబట్టి భౌగోళిక గుర్తింపూ పట్టదు. ఆ గోడకు పటం వేసే పని మాత్రం ఒక ఇంటికి పోయింది.

డబ్బు ఎవరికి చేరాలి అనే లెక్క

కాపీరైట్, కృత్రిమ మేధల మీద కేంద్ర ప్రభుత్వ కమిటీ 2025 డిసెంబరులో ఒక కార్యపత్రం వెలువరించింది. కంపెనీలు శిక్షణకు కృతులను తప్పనిసరి లైసెన్సు కింద వాడుకోవచ్చని, బదులుగా రాయల్టీ చెల్లించాలని, దాన్ని ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి సృజనకారులకు పంచాలని అందులో సూచించింది. వద్దనే హక్కు పోతుందని కొందరు కళాకారులు, ఖర్చు పెరుగుతుందని కంపెనీలు అభ్యంతరం చెబుతున్నాయి. రెండు అభ్యంతరాలకూ బలముంది.

మన ప్రాంతానికి అంతకంటే ముందు వచ్చే చిక్కు వేరే ఉంది. రాయల్టీ అందాలంటే కృతికి కర్త పేరు ఉండాలి, కాపీరైట్ గడువు మిగిలి ఉండాలి. జాతీయ పురస్కారం పొందిన చిత్రకారుడి సంతకం ఉన్న బొమ్మకు ఆ వాటా రావచ్చు. శైలిని తీర్చిదిద్దిన పాత పటాల మీద సంతకాలు లేవు. ఉన్నా గడువు తీరిపోయింది. సంప్రదాయ వైద్యం మీద విదేశీ పేటెంట్లు రాకుండా మన దేశం 2001లో ఒక డిజిటల్ గ్రంథాలయాన్ని మొదలుపెట్టి, అందులోని సమాచారాన్ని చాలాకాలం పేటెంట్ పరిశీలకులకు మాత్రమే చూపే పద్ధతి పాటించింది. చిత్రకళకు అలాంటి ఏర్పాటు కావాలనే వాదన సబబైనదే. దానికోసం ముందు ప్రతి పటాన్నీ స్కాన్ చేసి, ఏ ఘట్టం ఏమిటో, ఏ పువ్వు ఏదో తెలుగులో వివరంగా రాసిపెట్టాలి. మోడళ్లకు ఇప్పుడు కొరవడిన శిక్షణ సామగ్రి కూడా సరిగ్గా అదే. కాబట్టి ఆ ఫైళ్లు ఎవరి సర్వర్‌లో ఉంటాయి, ఏ షరతుల మీద తెరుచుకుంటాయి, సంతకం లేని పటాల వాటా చేర్యాలలో ఇప్పటికీ కుంచె పట్టిన ఆ కొద్ది కుటుంబాలకు ఉమ్మడిగా చేరే వీలుందా అన్నవి స్కాన్ మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాల్సిన విషయాలు.